గురువును వెదకిన బారీంద్రుడు

అండమాను దీవులలో పోర్టు బ్లెయరునందలి సెల్యులర్ జైలును చూచుటకు నేడు యాత్రికులు పోవుచుందురు. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన ఆ కట్టడమునకు 7 శాఖలుండెడివి. ఇప్పుడు మిగిలినవి 3 మాత్రమే. 13½ అడుగుల పొడవు, 7½ అడుగుల వెడల్పు గల గదిలో ఖైదీ ఒంటరిగా నుండవలెను. 1909 డిసెంబరులో ఇచటికి తేబడిన రాజకీయ ఖైదీలలో బారీంద్రకుమార ఘోష్ ఒకడు. శ్రీ అరవిందుల తమ్ముడనియు, బాంబుల కుట్రకు నాయకుడనియు ఆయనను లోకమెరుగును. యోగము నేర్పు గురువును వెదకుచు ఆయన ఎంత తిరిగెనో అంతగా ఎరుగదు.

ఏ గురువు నొద్ద, ఏ శిక్షణాలయమున యోగము నభ్యసింపవలెనని జిజ్ఞాసువులు నేడు తరచుగా ప్రశ్నించుచున్నారు. 200 గంటల శిక్షణతో యోగాచార్యుడను పత్రమే లభించు కాలమిది. అట్టివారికి బారీంద్రుని జీవితము పనికివచ్చును.

ఆయన 1880 జనవరి 5వ తేదీన ఇంగ్లాండులో జన్మించెను. తండ్రి డాక్టరు కృష్ణధన ఘోష్. తల్లి స్వర్ణలత, రాజనారాయణ వసువు కుమార్తె. బాల్యము దేవఘరులో గడచెను. చదువు నిలువలేదు. పాట్నాలో టీ దుకాణము పెట్టి చూచెను, అదియును సాగలేదు. తుదకు బరోడాలో ఉద్యోగము చేయుచుండిన అన్నగారి యింటికి చేరెను.

దేశమునకై సర్వమును త్యజించిన సన్న్యాసులను తయారుచేయుటకు ఏకాంతమున భవానీ మందిరమొకటి నెలకొల్పవలెనని అన్నదమ్ములు తలచిరి. అనువైన చోటు వెదకుచు బారీంద్రుడు వింధ్య పర్వత ప్రాంతములలో తిరిగి, కొండజ్వరముతో బరోడాకు మరలివచ్చెను. జ్వరము తగ్గలేదు. అప్పుడొక నాగసాధువు గిన్నెడు నీరు తెప్పించి, మంత్రము జపించుచు కత్తితో ఆ నీటిని అడ్డముగా నిలువుగా కోసి, త్రాగుమని యిచ్చెను. జ్వరము విడిచెను. ఇట్టి శక్తి దేశ విముక్తికి ఏల ఉపయోగపడరాదను ఆలోచన ఆ యింట బలపడెను. బారీంద్రుడు గురువును వెదకుటలో చిక్కు ఇచటనే యున్నదని మాకు తోచును. ఆయన కోరినది శక్తి. ఆ శక్తితో ఏమి చేయవలెనో ముందే నిశ్చయించుకొనియుండెను.

అయినను ఆయన చూపు మంచిది. విష్ణుభాస్కర లేలే అను మహారాష్ట్ర యోగి సామాన్యమైన గుమాస్తా. కాషాయము లేదు, మఠము లేదు, పేరు లేదు. 1907 డిసెంబరునాటి సూరతు కాంగ్రెసు ముగిసిన పిమ్మట శ్రీ అరవిందులు బరోడాకు రాగా, బారీంద్రుడే తంతి యిచ్చి గ్వాలియరు నుండి లేలేను రప్పించెను. శ్రీ అరవిందులు ఆయనతో 3 దినములు ఒక గదిలో కూర్చుండిరి. తలంపులు వెలుపలినుండి వచ్చుచుండుటను గమనించి, లోనికి రాకముందే త్రోసివేయుమని లేలే బోధించిరి. శ్రీ అరవిందుల మనస్సు నిశ్చలమయ్యెను. తరువాత బొంబాయిలో ఉపన్యసింపవలసిరాగా, తలంపే లేని మనస్సుతో ఎట్లు మాటలాడుదునని ఆయన అడిగిరి. సభకు నమస్కరించి వేచియుండుము, మాట తానే వచ్చునని లేలే చెప్పిరి. అట్లే జరిగెను. విడిపోవునప్పుడు లేలే శిష్యుని తనకు కట్టివేసికొనక, అంతర్యామికే అప్పగించిరి. ఇట్టి గురువును గుర్తించినవాడు బారీంద్రుడేనని మరువరాదు.

అప్పటికే కలకత్తాలోని మాణిక్‌తల తోటలో ఆయన యువకులను చేర్చి ఒక శిక్షణాలయమువంటిది నడుపుచుండెను. కొంతకాలము సాధువై తిరిగిన ఉపేంద్రనాథ బంద్యోపాధ్యాయుడు అచట గీతను, ఉపనిషత్తులను బోధించెడివాడు. ధ్యానముండెను; ప్రక్కనే బాంబుల తయారీయు నుండెను. ఆ పిల్లలకు యోగము నేర్పుటకై 1908 ఫిబ్రవరిలో బారీంద్రుడు లేలేను పిలిపించెను. లేలే వచ్చి, చూచి, నిరాకరించిరి. చిత్తశుద్ధి లేక పూనిన ఈ కార్యము తగదనియు, స్వాతంత్ర్యము వేరు మార్గమున సిద్ధించుననియు, దీనిని విడువనిచో పెద్ద ఆపద కలుగుననియు హెచ్చరించిరి. ఎవరును వినలేదు. పిలిపించిన బారీంద్రుడే వినలేదు!

ఏప్రిల్ 30న ముజఫర్‌పూరులో బాంబు పడి, ఏ పాపమెరుగని ఇద్దరు ఆంగ్ల స్త్రీలు మరణించిరి. మే 2న తోట ముట్టడింపబడెను. బారీంద్రుడు నేరభారమును తనపై వేసికొనెను. 1909 మే 6న శ్రీ అరవిందులు నిర్దోషిగా విడుదలయిరి. బారీంద్రునకు, ఉల్లాసకర దత్తునకు ఉరిశిక్ష పడెను. హైకోర్టు దానిని ద్వీపాంతరవాసముగా మార్చెను.

అండమానులో గానుగకు ఎద్దులుండెడివి కావు, మనుష్యులే త్రిప్పవలెను. దినమునకు 30 పౌనుల కొబ్బరినూనె తీయవలెను. ఖైదీలు ఒకరితోనొకరు మాటలాడుట నేరము. 1912లో ఇందుభూషణ రాయ్ గదిలోనే ఉరివేసికొనెను. ఉల్లాసకరునకు మతి చలించి, పిదప మద్రాసు పిచ్చాసుపత్రికి పంపబడెను. ఇరువురును తోటలోని వారే. వారిని అచటికి చేర్చినవాడు తానేయన్న తలంపు బారీంద్రుని గదిలో ఎన్ని రాత్రులు తోడుండెనో ఊహింపవచ్చును.

1920లో విడుదలయై, తన సాధనభారమును వహింపుమని ఆయన అన్నగారిని కోరెను. ఆ ఏప్రిల్‌లో పుదుచ్చేరి నుండి బంగాళీలో వచ్చిన దీర్ఘమైన ఉత్తరము ప్రసిద్ధము. భారమును స్వీకరించుటకు శ్రీ అరవిందులు సమ్మతించిరి. కాని అట్లయిన తమ పూర్ణయోగ మార్గముననే నడువవలసియుండునని స్పష్టము చేసిరి. లేలే యిచ్చినదియు, తాము జైలులో చేసినదియు దారిని వెదకుట మాత్రమేయని వ్రాసిరి. పన్నెండేండ్ల క్రిందట బారీంద్రుడు గురువును తన పనికి పిలిచెను. ఈసారి గురువే ముందుగా షరతును తెలిపిరి.

తరువాత కలకత్తాలోని భవానీపురమున బారీంద్రుడు ఒక సాధనకేంద్రమును నడపెను. అచట ఒక సాధకునకు బుద్ధి చలించినప్పుడు, ఈ యోగము అందరికిని తగినది కాదని, చేర్చుకొనుటలో జాగరూకత అవసరమని అన్నగారు ఉత్తరములలో హెచ్చరించిరి. గురువును ఎంచుకొనుట ఎంత కష్టమో శిష్యుని ఎంచుకొనుటయు అంతేనని ఆయనకు అప్పుడు అనుభవమునకు వచ్చియుండును. పిమ్మట పుదుచ్చేరి ఆశ్రమమున నివసించి, 1929లో విడిచి బెంగాలుకు మరలెను. గమ్యము చేరకయే వెడలెనని కొందరందురు. తీర్పు చెప్పుటకు మేమెవరము? పత్రికా రచనలో శేషజీవితము గడపి, 1959 ఏప్రిల్ 18న బారీంద్రుడు కన్నుమూసెను.