345 నంబరు ఇంజను: హెన్రీ ఫోర్డ్ జీవితం

మన హాస్టల్ స్టడీ హాల్లో సీనియర్లు అంటించి వెళ్ళిన మహనీయుల బొమ్మల్లో హెన్రీ ఫోర్డ్ బొమ్మ ఒకటి ఉండేది. వ్యక్తిత్వ వికాసం గురించి చెప్పడానికి వచ్చిన వక్తలంతా ఆయన పేరు తలిచేవారు. పేద రైతు బిడ్డ కార్ల రాజు అయ్యాడని, మనం కూడా అలా కావాలని చెప్పేవారు. పీజీలో చేరాక లైబ్రరీలో ఆయన గురించి చదివితే, మనకు చెప్పింది సగమేనని తెలిసింది. చెప్పని సగంలో బాగా నచ్చినదీ ఉంది, అసలు నచ్చనిదీ ఉంది. రెండూ రాస్తున్నాను.

ఫోర్డ్ 1863 జూలై 30న అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర డియర్‌బోర్న్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఐర్లాండ్ నుండి వలస వచ్చిన రైతు. సొంత భూమి ఉన్నవాడే. అందుకని పేద రైతు బిడ్డ అన్న మాట పూర్తిగా నిజం కాదు. పన్నెండేళ్ళ వయసులో తల్లి చనిపోయింది. పొలం పని అంటే ఆ పిల్లవాడికి విసుగు. గడియారాలంటే ప్రాణం. మేకును అరగదీసి స్క్రూడ్రైవర్ చేసుకుని ఇరుగుపొరుగు వాళ్ళ గడియారాలు విప్పి బాగుచేసేవాడు.

1876లో ఒకరోజు తండ్రితో గుర్రబ్బండిలో డెట్రాయిట్ వెళ్తుంటే ఎదురుగా ఒక ఆవిరి ఇంజను వచ్చింది. అంతకుముందు అతను చూసిన ఇంజన్లను ఒకచోటి నుండి ఇంకోచోటికి గుర్రాలు లాక్కుపోయేవి. ఇది మాత్రం వెనక చక్రాలకు గొలుసు తగిలించుకుని తనంతట తానే నడుస్తోంది. పిల్లవాడు బండి దూకి పరుగెత్తి ఆ డ్రైవరును ప్రశ్నలతో ముంచెత్తాడు. ఆయనా విసుక్కోకుండా అన్నీ చెప్పాడు. పెద్దయ్యాక కూడా ఫోర్డ్ ఆ రోజును తన జీవితంలో పెద్ద మలుపుగా చెప్పుకునేవాడు.

1879లో పదహారేళ్ళకు ఇల్లు వదిలి డెట్రాయిట్ చేరాడు. ఒక మిషన్ షాపులో వారానికి రెండున్నర డాలర్ల జీతం. తిండికీ గదికీ అయ్యే ఖర్చు మూడున్నర డాలర్లు. మెస్ బిల్లుల లెక్కలు తెలిసిన మనకు ఆ ఒక్క డాలరు ఎంత బరువో చెప్పక్కర్లేదు. రాత్రిళ్ళు ఒక నగల దుకాణంలో గడియారాలు బాగుచేసి ఆ లోటు పూడ్చుకున్నాడు.

1882లో ఊరికి తిరిగి వచ్చినప్పుడు అసలు కథ మొదలైంది. పొరుగు రైతు ఒకరు వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆవిరి ఇంజను కొన్నాడు. దాన్ని నడపడానికి పెట్టుకున్న మనిషికి ధైర్యం చాల్లేదు. పందొమ్మిదేళ్ళ ఫోర్డ్‌ను పిలిచారు. మొదట అతనికీ భయమే. ఆ సాయంత్రానికి ఇంజను అతని మాట వింది. రోజుకు మూడు డాలర్ల కూలి మీద 83 రోజులు దాన్ని ఊళ్ళ వెంట తిప్పాడు. ధాన్యం నూర్చాడు, పశువుల దాణా ఆడించాడు, కట్టెలు కోశాడు. ఆ ఇంజను నంబరు 345.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తూ 1896లో ఇంటి వెనక కొట్టంలో మొదటి బండి తయారు చేశాడు. తీరా చూస్తే అది తలుపులోంచి పట్టలేదు. గొడ్డలితో గోడ పగలగొట్టి బయటికి తెచ్చాడు. 1903లో ఫోర్డ్ మోటార్ కంపెనీ, 1908లో మోడల్ టి కారు వచ్చాయి. 1927 దాకా అలాంటివి కోటీ యాభై లక్షలు తయారయ్యాయి. రైతులు ఆ కారు వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, బెల్టు తగిలించి నీళ్ళు తోడుకున్నారు, కట్టెలు కోసుకున్నారు. కొందరు పెద్ద చక్రాలు బిగించి దాంతోనే పొలం దున్నారు. 1917లో ఒక టన్ను బరువు మోసే మోడల్ టిటి లారీ వచ్చింది. అదే ఏడాది ఫోర్డ్సన్ ట్రాక్టర్ వచ్చింది. ఆ పేరెందుకంటే, ఫోర్డ్ అనే ఇంటిపేరున్న ఇంకో మనిషిని చూపించి కొందరు అప్పటికే ఫోర్డ్ ట్రాక్టర్ కంపెనీ అని పెట్టేసుకున్నారు! ఫోర్డ్సన్ చవకే కానీ దోషాలు లేకపోలేదు. నాగలి దేనికైనా తట్టుకుంటే ముందు భాగం పైకి లేచి డ్రైవరు మీదికే తిరగబడేది. అలా చనిపోయినవారూ ఉన్నారు. 1938లో హ్యారీ ఫెర్గూసన్‌తో ఫోర్డ్ చేతులు కలిపాడు. మరుసటి ఏడాది వచ్చిన ట్రాక్టరుకు, నాగలిని మూడు చోట్ల బిగించి హైడ్రాలిక్‌తో ఎత్తి దించే ఫెర్గూసన్ పద్ధతి పెట్టారు. దాంతో ఆ ప్రమాదం చాలా తగ్గింది. ఇప్పుడు మన ఊళ్ళలో గొర్రు ఎత్తి దించుతున్నది ఆ పద్ధతిలోనే.

ఇక నాకు నచ్చిన సంగతి. కంపెనీ పెట్టి కోట్లు గడించాక ఫోర్డ్‌కు ఆ పాత ఇంజను గుర్తొచ్చింది. దాని నంబరు మరచిపోలేదు. మనుషులను పంపి వెతికించాడు. సుమారు ముప్పై ఏళ్ళ తర్వాత పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పొలంలో అది దొరికింది. కొని తెప్పించి బాగుచేయించాడు. పాత ఆవిరి ఇంజనును బాగుచేయడమంటే రంగు పూయడం కాదు. తుప్పుతో పల్చబడిన బాయిలరు ఆవిరి ఒత్తిడికి పేలిపోగలదు. గొట్టాలు, వాల్వులు, బెల్టు చక్రం అన్నీ సరిచూశాకే నిప్పు రాజేయాలి. కూలికి నడిపిన ఇంజనును యజమానిగా మళ్ళీ తన చేతులతో నడిపాడు.

ఇది చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. ఒక ఆసామి దగ్గర కూలికి ట్రాక్టర్ తోలేవాడు. ఆ బండి అమ్మేసి పన్నెండేళ్ళయింది. ఇప్పటికీ నంబరు అడిగితే ఠక్కున చెబుతాడు. సంతకు వెళ్తే ఇప్పుడది ఎవరి దగ్గరుందో వాకబు చేస్తాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఇంజనుతో ఫోర్డ్ ఆగలేదు. రోడ్డు వెడల్పు చేయడానికి 1919లో తాను పుట్టిన ఇల్లు అడ్డొస్తే దాన్ని పక్కకు జరిపించి, తల్లి ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే సర్దించాడు. నాగళ్ళు, నూర్పిడి మిషన్లు, ఆవిరి ఇంజన్లు సేకరించాడు. చరిత్రంటే రాజులూ యుద్ధాలూ మాత్రమే కాదని, మామూలు మనుషుల పనిముట్లు కూడా చరిత్రేనని అతని వాదన. అందుకోసమే 1929లో డియర్‌బోర్న్‌లో మ్యూజియం, దాని పక్కనే గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ప్రారంభించాడు. విచిత్రమేమిటంటే, ఆ పాత పల్లె జీవితాన్ని చెరిపేసినవాటిలో అతని కార్లూ ట్రాక్టర్లే ముఖ్యం.

1916లో పేద పిల్లల కోసం ఒక ట్రేడ్ స్కూలు కూడా పెట్టాడు. పిల్లలు ఒక వారం తరగతిలో, రెండు వారాలు షాపులో ఉండేవారు. చదువుతో పాటు ఇంటికి పంపుకోవడానికి డబ్బూ ఇచ్చేవారు.

నచ్చనిది కూడా రాస్తానన్నాను. 1920 నుండి అతని సొంత పత్రిక యూదుల మీద వారం వారం విషం కక్కింది. లోకంలోని చెడుకంతా వాళ్ళే కారణమని రాసింది. కోర్టు కేసు వచ్చాక 1927లో ఫోర్డ్ క్షమాపణ చెప్పాడు. కానీ 1938లో, 75వ పుట్టినరోజున హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన పతకం స్వీకరించాడు. 1914లో కార్మికులకు రోజుకు అయిదు డాలర్లు ప్రకటించి లోకాన్ని ఆశ్చర్యపరిచింది ఇతనే. 1932 మార్చిలో పని కోసం ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగుల మీద అతని ఫ్యాక్టరీ ముందు కాల్పులు జరిగి అక్కడే నలుగురు చనిపోయారు. పుట్టుకను బట్టి మనుషులను ద్వేషించడం ఎలా ఉంటుందో మనకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అందుకే ఈ భాగం దాటేసి రాయడానికి నాకు చేతులు రాలేదు. ఇనుప ముక్క నంబరు ముప్పై ఏళ్ళు గుర్తుపెట్టుకున్న మనిషికి తోటి మనిషి ఎందుకు కనిపించలేదో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

1947 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ చనిపోయాడు. వరద నీళ్ళు వచ్చి అతని ఇంటి సొంత పవర్‌హౌస్ ఆగిపోయింది. కొవ్వొత్తులు, కిరోసిన్ దీపాలు వెలిగించుకున్నారు. పుట్టినప్పుడూ ఆ ప్రాంతంలో ఆ దీపాలే. 345 నంబరు ఇంజను డియర్‌బోర్న్ మ్యూజియంలో ఉంది.