పక్షులకు కోట కట్టిన వాటర్టన్

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతాన, వేక్‌ఫీల్డ్ పట్టణానికి చేరువలో వాల్టన్ హాల్ అనే భవనం ఉంది. చుట్టూ చెరువు, చెరువు నడుమ దీవి, ఆ దీవి మీద భవనం. తరతరాలుగా అది వాటర్టన్ వంశీకుల నివాసం. 1782 జూన్ 3న చార్లెస్ వాటర్టన్ ఆ ఇంట జన్మించాడు.

వాటర్టన్లు క్యాథలిక్ మతస్థులు. ఆ రోజుల్లో ఇంగ్లండులో క్యాథలిక్కులకు పార్లమెంటులో చోటు లేదు. ప్రభుత్వ పదవులు లేవు. సంపన్నుల ఇంట పుట్టినా చార్లెస్‌కు ఆ ద్వారాలు మూసే ఉన్నాయి. స్టోనీహర్స్ట్ అనే చోట జెసూట్ గురువుల వద్ద చదువుకున్నాడు. పాఠాలకన్నా చెట్లెక్కి గూళ్ళు వెదకడం మీదనే అతని ధ్యాస. గురువులు అది గ్రహించి, దండించి మాన్పించడానికి బదులు బడిలో ఎలుకలు పట్టే పని అతనికే అప్పగించారు. మద్యం ముట్టవద్దని ఒక గురువు కోరగా ఇచ్చిన మాటను అతడు చివరిదాకా నిలుపుకొన్నాడు.

1804లో దక్షిణ అమెరికాలోని గయానాకు వెళ్ళి బంధువుల తోటల వ్యవహారాలు చూశాడు. అవి బానిసల చెమటతో నడిచే తోటలు. ఆ పని విడిచిపెట్టాక చెప్పులు లేని కాళ్ళతో అడవులన్నీ తిరిగాడు. చనిపోయిన పక్షుల చర్మాలను చెడకుండా నిలిపే విద్యను జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతీయునికి నేర్పాడు. బానిసత్వం నుండి విముక్తుడైన ఆ ఎడ్మన్‌స్టనే తరువాత ఎడింబరో నగరంలో చార్లెస్ డార్విన్‌కు అదే విద్య నేర్పాడు. వాటర్టన్ తన యాత్రల గురించి రాసిన గ్రంథం 1825లో వెలువడి గొప్ప పేరు తెచ్చింది. అయితే ఆయన చేసిన అసలైన పని అడవిలో జరగలేదు, ఇంటి తోటలో జరిగింది.

ఆ కాలపు భూస్వాములు వేట పక్షులను పెంచేవారు. వాటికి హాని చేస్తాయని గుడ్లగూబను, డేగను, కాకిని కనబడితే చాలు కాల్పించేవారు. గుడ్లగూబ కూత చావుకు సూచన అని అక్కడి పనివారు కూడా నమ్మేవారు. మన ఊళ్ళలో ఉన్న భయమే అది. వాటర్టన్ 1813లో పాత సింహద్వారపు శిథిలాల మీద రాతితో చిన్న గది కట్టించి, పక్షులు వాలడానికి అందులో ఓక్ కర్ర బిగించాడు. సుమారు నెల రోజులకు రెండు గుడ్లగూబలు వచ్చి కాపురం పెట్టాయి. వాటి జోలికి వెళ్ళరాదని వేట కాపరిని గట్టిగా హెచ్చరించాడు. పిల్లలున్న రోజుల్లో పెద్ద పక్షులు పన్నెండు పదిహేను నిమిషాలకొక ఎలుకను తెస్తున్నాయని స్వయంగా చూసి లెక్కగట్టాడు. గూటి కింద పడిన ఉండలను విప్పి చూస్తే లోపల ఎలుకల ఎముకలే. రైతుకు ఇంతకన్నా మంచి కావలి ఏది?

1821లో ఆయన తోట చుట్టూ గోడ ప్రారంభించాడు. పొడవు మూడు మైళ్ళు; ఎత్తు మనిషిని మించి కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. చేతిలో డబ్బున్నంత కాలం పని సాగించి, అయిపోతే ఆపేవాడు. అప్పు మాత్రం చేయలేదు. 1826లో గోడ పూర్తయ్యేనాటికి సుమారు 9,000 పౌండ్లు ఖర్చయ్యాయి. మద్యం తాగనందువల్ల మిగిలిన డబ్బే అదని ఆయన చెప్పుకొనేవాడు.

గోడ లోపల తుపాకి పేలరాదు. శీతకాలంలో చెరువులో పడవ తిరగరాదు, నీటిపక్షులు బెదురుతాయని. పుచ్చిపోయిన చెట్టును నరకనిచ్చేవాడు కాదు. దాని తొర్రలోకి వాన దిగకుండా కప్పు వేయించేవాడు. దట్టంగా అల్లుకొనే తీగలను, ముళ్ళ ఆకుల హోలీ చెట్లను నాటించాడు. గోరింకల బంధువులైన స్టార్లింగ్ పక్షుల కోసం ఎలుకలు ఎక్కలేని రాతి గోపురం కట్టించాడు. ఇసుక గట్లలో బొరియలు తొలిచే వానకోయిల జాతి పక్షుల కోసం గోడలో వరుసగా గొట్టాలు అమర్చాడు. కొంగలు తోటలో నిర్భయంగా గూళ్ళు కట్టాయి. ఒక్క ఎలుకల మీద మాత్రం ఆయనకు దయ లేదు. తనకు గిట్టని రాజవంశంతోపాటు ఓడలో వచ్చాయని వాటి మీద కోపం!

1829లో వివాహమాడిన భార్య, మరుసటి ఏడాది కుమారుణ్ణి కని మరణించింది. నాటి నుండి ఆయన నేల మీద, కొయ్యదిమ్మె తలగడగా నిద్రించాడు. ఇంట ఒంటరితనం ఉన్నా తోట తలుపులు మూయలేదు. దగ్గరలోని మానసిక రోగుల ఆసుపత్రివారిని పిలిచి, దూరదర్శినిలో పక్షులను చూపేవాడు. 1845లో డార్విన్ కూడా వచ్చి చూశాడు.

గోడ తుపాకిని ఆపింది కాని పొగను ఆపలేదు. పక్కనే వెలసిన సబ్బు కర్మాగారం వదిలే ఆమ్లపు పొగకు చెట్లు ఎండిపోసాగాయి. వాటర్టన్ ఏళ్ళ తరబడి న్యాయస్థానాల్లో పోరాడాడు. చివరికి ఆ కర్మాగారం వేరే చోటికి తరలింది.

1865 మేలో, ఎనభై మూడో ఏడు నిండవస్తుండగా, తోటలో దుంగ మోస్తూ ముళ్ళతీగ తగిలి పడిపోయాడు. రెండు రోజులకే, మే 27న కన్నుమూశాడు. తన పుట్టినరోజు నాడే ఆయన శవపేటిక పడవలో చెరువు దాటింది. తాను ముందే ఎంచుకున్న చోట, రెండు ఓక్ చెట్ల నడుమ ఆయనను ఖననం చేశారు.

కుమారునికి తండ్రి అభిరుచి లేదు. తోటలో మళ్ళీ తుపాకులు పేలాయి. అప్పులు పెరిగి కొన్నాళ్ళకు అతడు ఆ ఆస్తిని అమ్మేశాడు. కొన్నది తండ్రితో పోరాడిన సబ్బు వ్యాపారి కొడుకే. మూడు మైళ్ళ గోడలో కొన్ని భాగాలు మాత్రం నేటికీ నిలిచి ఉన్నాయి.