రాబిన్ పిట్టల గోడు విన్న రేచల్

1954లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో ఎల్మ్ చెట్లకు తెగులు అంటించే పురుగుల్ని చంపాలని డి.డి.టి. కొట్టారు. తీరా రాబిన్ పిట్టలు కూడా చచ్చాయి! ఎలాగంటారా? రాలిన ఆకుల్ని వానపాములు తిన్నాయి, వాటిని పిట్టలు తిన్నాయి. ఇలా ఒకదాన్నొకటి తినే గొలుసులో విషం పైకిపోయేకొద్దీ చిక్కబడుతుందని అందరికీ అర్థమయ్యేలా రాసింది రేచల్ కార్సన్ (1907-1964).

ఈవిడ పెళ్లి చేసుకోలేదు. తల్లిని పోషించింది, అక్క కూతురు పోతే ఆమె కొడుకుని పెంచుకుంది. సైలెంట్ స్ప్రింగ్ రాస్తుండగానే రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 1962లో పుస్తకం రాగానే పురుగుమందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. ఆడదాని ఆవేశమంటూ కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. జబ్బు సంగతి తెలిస్తే ఆ కోపంతోనే రాసిందంటారని గుట్టుగా దాచుకుని, 1963లో సెనెట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. మరుసటి ఏప్రిల్‌లో కన్నుమూసింది. అమెరికా పంటల మీద డి.డి.టి.ని నిషేధించింది 1972లో.