విలియం ఫ్రౌడు

నీటిపై సాగు ఓడ నడ్డగించు శక్తులలో ముఖ్యమైనవి రెండు. ఓడ పుట్టించు అలలు మొదటిది; దాని యొడలిని రాచుకొని పోవు నీటి రాపిడి రెండవది. అలలు కంటికి గానవచ్చును, రాపిడి కానరాదు. కానరాని యా శక్తిని వేరుపరచి కొలిచిన మహనీయుడు విలియం ఫ్రౌడు. ఆయన జీవితమును సంగ్రహముగా జదువరులకు దెలుపగోరుచున్నాము.

ఈయన 1810వ సంవత్సరము నవంబరు 28వ తేదీన, ఇంగ్లండులోని డెవను మండలమందలి డార్టింగ్టను గ్రామమున జన్మించెను. చరిత్రకారుడు జేమ్సు ఆంథొనీ ఫ్రౌడు ఈయన తమ్ముడే. ఆక్సుఫర్డులో గణితశాస్త్రమున ప్రథమశ్రేణి నందుకొని, 1837లో బ్రునెలు అను ప్రసిద్ధ ఇంజనీరు క్రింద రైలుమార్గ నిర్మాణమున బ్రవేశించెను. పిమ్మట నాతని కోరికపైననే ఓడల యూగులాటను బరిశోధించెను.

చిన్న నమూనాను లాగిచూచి పెద్దయోడకు గావలసిన బలమును జెప్పవచ్చునని ఫ్రౌడు వాదించెను. పెక్కురు నిపుణులు దీనిని నమ్మరైరి. వారి సందేహము నిరాధారము గాదు. అలల నిరోధము ఒక నియమము ననుసరించి పెరుగును. రాపిడి మఱియొక నియమము ననుసరించును. ఈ రెండింటిని విడదీయనిచో లెక్క తప్పును. కావున రాపిడిని ప్రత్యేకముగా గొలువవలెనని యాయన నిశ్చయించెను. 1870లో బ్రిటిషు నౌకాశాఖ రెండువేల పౌనుల నొసగుట కంగీకరింపగా, టార్కీ పట్టణమున దన యింటి చెంతనే 278 అడుగుల పొడవైన తొట్టిని గట్టించెను.

అందు 19 అంగుళముల వెడల్పుగల పలుచని పలకలను అంచుపై నిలిపి, నీట ముంచి లాగించెను. పలక పలుచనిదగుటచే అలలు లేవవు. లాగుటకు బట్టిన బలమంతయు రాపిడియే. ఆ బలమును స్ప్రింగుతో గూడిన యంత్రము తనంతటనే కాగితముపై గీయుచుండెను. పలకలపై వార్నీషు, తగరపు రేకు, గుడ్డ, ఇసుక మొదలగువానిని బూసియు నంటించియు బరీక్షించెను. నిమిషమునకు 600 అడుగుల వేగమున, వార్నీషు పూసిన 2 అడుగుల పలకపై చదరపుటడుగునకు సగటు రాపిడి 0.41 పౌను, 50 అడుగుల పలకపై 0.25 పౌను మాత్రమే. ఇసుక యంటించిన 50 అడుగుల పలకపై నది యించుమించు రెట్టింపయ్యెను.

పలక పొడవైనకొలది సగటు తగ్గుటకు హేతువేమి? పలక ముందుభాగము తన్నంటిన నీటిని వెంట నీడ్చుకొనిపోవును. కావున వెనుకభాగమునకు దగులునది నిశ్చలజలము గాదు, అప్పటికే కదలుచున్న జలము. ఇట్టి పలుచని నీటిపొర తత్త్వమును 1904లో జర్మను పండితుడు ప్రాంటులు సిద్ధాంతరూపమున వివరించెను. పలకయంతటి రాపిడిని ఫ్రౌడు మొత్తముగా గొలిచెను. తరువాతి శాస్త్రజ్ఞులు గోడలో నొక చిన్నముక్కను మాత్రమే కదలనిచ్చి, ఆ చోటి రాపిడిని గొలువ నేర్చిరి.

1871లో గ్రేహౌండు అను నిజమైన యుద్ధనౌకను మఱియొక యోడచే లాగించి చూడగా, నమూనా చెప్పిన లెక్క దానితో జక్కగా సరిపోయెను. 1879 మే 4వ తేదీన, విశ్రాంతికై నౌకాదళపు టోడపై వెళ్లిన ఫ్రౌడు దక్షిణాఫ్రికాలోని సైమన్సుటౌనున రక్తగ్రహణిచే మరణించెను. నావికులు సైనికమర్యాదలతో నాయనను సమాధిచేసిరి. కుమారుడు ఎడ్మండు ఆ కృషిని గొనసాగించెను.

సందేహించినవారిని ఫ్రౌడు మాటలతో గాక కొలతలతో నొప్పించెను. విద్యార్థులమగు మనకిది యనుసరణీయము.