చిన్నవాని కాలు దక్కించిన వైద్యుడు

జోసెఫ్ లిస్టరు 1827వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన ఇంగ్లండు దేశమందలి ఎసెక్సులో, క్వేకరులనబడు భక్తిగల క్రైస్తవుల కుటుంబమున జన్మించెను. తండ్రి వర్తకుడైనను సూక్ష్మదర్శినిని బాగుపరచి పేరుపొందినవాడు. కంటికి కానరానివి ఎన్నో కలవని లిస్టరు చిన్ననాడే ఎరిగెను.

ఆ దినములలో శస్త్రచికిత్స చక్కగా జరిగినను, తరువాత గాయము కుళ్లి అనేకులు మరణించుచుండిరి. అది చెడుగాలి వలన కలుగునని పలువురు తలంచిరి. వైద్యులు నెత్తురు మరకల కోటుతోనే ఒక రోగినుండి మరియొక రోగియొద్దకు పోవుచుండిరి. కుళ్లుటకు సూక్ష్మజీవులే కారణమని ఫ్రాన్సు దేశస్థుడగు పాశ్చరు కనుగొనిన సంగతి లిస్టరు చదివి, గాయము విషయములోను అట్లే జరుగునని గ్రహించెను. కార్లైలు పట్టణమున మురుగునీటికి వాడిన కార్బాలిక్ ఆమ్లమును గాయములకు వాడ నిశ్చయించెను.

1865 ఆగస్టు 12వ తేదీన జేమ్స్ గ్రీన్‌లీస్ అను 11 ఏండ్ల బాలుని గ్లాస్గో ఆసుపత్రికి తెచ్చిరి. బండిచక్రము ఎక్కి కాలి ఎముక విరిగి, పైన గాయమాయెను. అట్టి గాయమునకు కాలు తీసివేయుటయే నాటి వాడుక. లిస్టరు ఆ మందులో తడిపిన గుడ్డతో కట్టు కట్టించెను. నాలుగు దినములకు విప్పిచూడగా చీము లేదు. ఆరు వారములకు ఎముక అతుకుకొనెను. బాలుని కాలు దక్కెను.

1864, 1866 సంవత్సరములలో అతని వార్డులో కాలుసేతులు తీసివేయబడిన 35 మందిలో 16 మంది చనిపోయిరి. 1867 మొదలు 1869 వరకు 40 మందిలో ఆరుగురే చనిపోయిరి. అయినను అనేక వైద్యులు చాలకాలము నమ్మక పరిహసించిరి. అతడు వాదులాడక, ఓపికతో పని చూపెను. 1912 ఫిబ్రవరి 10న కన్నుమూసెను.

నేడు ఆ ఆమ్లము గాయములకు వాడరు. పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసి, చేతులు కడుగుకొని, తొడుగులు ధరింతురు. మూలసూత్రము మాత్రము లిస్టరుదే.

తల్లిదండ్రులారా, మంచి సమరయుడు గాయములు కట్టిన సంగతి మీరెరుగుదురు. మీ బిడ్డకు ఆపరేషను జరిగినప్పుడు కట్టును ముట్టకముందు సబ్బుతో చేతులు కడుగుకొనుడి. బూడిద, పేడ, ఆకుపసరు పూయకుడి. ఎరుపు, వాపు, చీము, జ్వరము కనబడినయెడల ఆలస్యము చేయక వైద్యునియొద్దకు కొనిపొండి. శుభ్రమైన చేయి బిడ్డకు మీరు చూపు ప్రేమయే.