నోరు విప్పని తల్లి



న్యాయస్థానంలో ముద్దాయిని ముందుగా అడిగే ప్రశ్న మీకు తెలిసిందే. నేరం చేశావా, లేదా? ముద్దాయి జవాబు చెప్పకపోతే ఏమవుతుంది? మన దేశంలో అయితే కోర్టు సాక్షులను పిలిచి విచారణ సాగిస్తుంది. ముద్దాయి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది.

ఒకప్పటి ఇంగ్లండులో ఇలా ఉండేది కాదు. ముద్దాయి జవాబు చెప్పి, జ్యూరీ విచారణకు తలవంచితేనే అక్కడ కేసు ముందుకు సాగేది. మొండికేసిన వారిని లొంగదీయడానికి 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం కఠినమైన చెరను విధించింది. కాలక్రమాన ఆ చెర కాస్తా మనిషిని నేలమీద పడుకోబెట్టి ఒంటిమీద బరువులు పేర్చే శిక్షగా మారింది. అయినా కొందరు కోరి దానినే ఎన్నుకునేవారు. ఎందుకంటే, నేరం రుజువైతే ఆస్తి ప్రభుత్వపరం అవుతుంది. విచారణ జరగకుండా చనిపోతే నేరం రుజువు కానట్టే, ఆస్తి పిల్లలకు దక్కుతుంది.

ఈ చట్టం కింద ప్రాణం విడిచిన ఒక గృహిణి పునీత మార్గరెట్ క్లితెరో. అయితే ఆమె కాపాడుకోవాలనుకున్నది ఆస్తిని కాదు.

మార్గరెటమ్మ సుమారు 1556లో యార్క్ నగరంలో పుట్టింది. తండ్రి థామస్ మిడిల్టన్ మైనపు వత్తుల వ్యాపారి, నగరానికి షెరీఫ్‌గా కూడా పనిచేశాడు. 1571లో ఆమెకు జాన్ క్లితెరో అనే మాంసం వ్యాపారితో పెళ్ళయింది. కసాయి అంగళ్ళు బారులు తీరిన షాంబుల్స్ వీధిలో వారి కాపురం. పెళ్ళయిన మూడేళ్ళకు, 1574 ప్రాంతంలో, ఆమె కథోలిక విశ్వాసాన్ని స్వీకరించింది. భర్త మాత్రం రాణిగారి సంఘంలోనే ఉండిపోయాడు. అయినా భార్యను అడ్డుకోలేదు. ఆమె గుడికి రానందుకు వేసిన జరిమానాలన్నీ తానే కట్టాడు. వేర్వేరు గుడులకు చెందినా ఒకే కంచంలో తిన్న దంపతులు వారు. 1577 నుండి ఆమె పలుమార్లు జైలు పాలయింది. చదువురాని ఆ ఇల్లాలు చదవడం నేర్చుకున్నది ఆ జైలులోనే.

1585లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం మరో చట్టం చేసింది. విదేశాల్లో అభిషేకం పొంది వచ్చిన కథోలిక గురువులకు ఆశ్రయమిస్తే మరణశిక్ష. మార్గరెటమ్మ ఇంటిలో మాత్రం గురువులు తలదాచుకుంటూనే ఉన్నారు, దివ్యబలిపూజ జరుగుతూనే ఉంది.

1586 మార్చి 10న అధికారులు ఆమె ఇల్లు సోదా చేశారు. గురువు తప్పించుకున్నాడు. ఇంటిలో చదువుకుంటున్న ఒక ఫ్లెమిష్ బాలుడిని భయపెడితే, వాడు రహస్యపు గదిని, పూజావస్త్రాలను, పాత్రలను చూపించేశాడు. ఆమెను కోర్టులో నిలబెట్టారు. జవాబు చెప్పమని ఎన్నిసార్లు అడిగినా ఆమె విచారణకు ఒప్పుకోలేదు. న్యాయాధిపతి క్లెంచ్ ఆమెను ఎలాగైనా ఒప్పించాలని పాటుపడ్డాడు. విగింటన్ అనే ప్యూరిటన్ బోధకుడు సైతం లేచి, పసివాడి మాటమీద ఈమెను చంపడం తగదని వాదించాడు. ఆమె మారుతండ్రి హెన్రీ మే ఆ ఏడాది నగర మేయరు. ఆ బంధుత్వం కూడా ఆమెను కాపాడలేకపోయింది.

ఎందుకంత మౌనం? ఆమె ఆధ్యాత్మిక గురువు జాన్ మష్ ఆమె జీవిత చరిత్రలో కారణం వివరించాడు. విచారణ జరిగితే సాక్ష్యం చెప్పవలసినవారు ఆమె కన్నబిడ్డలు, ఇంటి పనివారు. వారు నిజం చెబితే తల్లి ఉరికంబం ఎక్కుతుంది. అబద్ధమాడితే వారి ఆత్మకు పాపం. తీర్పు చెప్పే జ్యూరీ వారి చేతులకూ ఆమె రక్తం అంటుతుంది. ఈ భారం ఎవరి మీదా పడకూడదని తానే మోసింది. చట్టం ఆ మౌనాన్ని మొండితనంగా చూసింది. మనం దానిని ప్రేమగా చూడాలి. అబద్ధమాడటం వేరు, మరొకరిని కాపాడటానికి మౌనంగా ఉండటం వేరు.

1586 మార్చి 25, శుక్రవారం, మంగళవార్త పండుగ. ఇంగ్లండు అప్పటికి ఒప్పుకోని కొత్త గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారం ఆ రోజే పవిత్ర శుక్రవారం కూడా. ఊజ్ నది వంతెన మీది టోల్‌బూత్‌లో ఆమెను పడుకోబెట్టి, చేతులు సిలువ ఆకారంలో చాచి కట్టారు. వెన్ను కింద ఒక రాయి, ఒంటిమీద ఒక తలుపు, దానిమీద సుమారు 350 కిలోల బరువు. ఆ పని చేయడానికి బంట్రోతులకు చేతులు రాక బిచ్చగాళ్ళకు కూలి ఇచ్చి పెట్టించారు. పావుగంటలో ప్రాణం పోయింది. చనిపోకముందు తన టోపీని భర్తకు, చెప్పులను, మేజోళ్ళను పన్నెండేళ్ళ కూతురు ఆన్‌కు పంపింది. అమ్మ నడిచిన దారిలో నడవమని ఆ కానుక అర్థం. ఆన్ తర్వాత లూవెన్‌లో మఠకన్య అయింది.

బరువులు పేర్చే ఈ శిక్షను ఇంగ్లండు 1772లో రద్దు చేసింది. అప్పటినుండి మౌనాన్ని నేరాంగీకారంగా లెక్కించారు. 1827లో మరో చట్టం వచ్చి, ముద్దాయి మౌనంగా ఉంటే నేరం చేయలేదని చెప్పినట్టే భావించమంది. ఒక్క న్యాయమైన మాట చట్టంలోకి ఎక్కడానికి అయిదు శతాబ్దాలకు పైగా పట్టింది! పాపుగారు ఆరవ పౌలు 1970 అక్టోబరు 25న మార్గరెటమ్మను ఇంగ్లండు, వేల్స్ దేశాల 40 మంది వేదసాక్షులలో ఒకరిగా పునీతురాలిగా ప్రకటించారు.

ప్రియ తల్లిదండ్రులారా, మన ఇళ్ళలో ఏం జరుగుతోందో ఒకసారి చూసుకోండి. భార్యాభర్తలు గొడవపడితే, తప్పెవరిదో చెప్పమని బిడ్డను మధ్యలో నిలబెడుతున్నాం. అన్నదమ్ములు పొలంగట్టు దగ్గర తగవుపడితే, బాబాయి మీద సాక్ష్యం చెప్పమని కొడుకును కోర్టు మెట్లెక్కిస్తున్నాం. మన పోట్లాటల బరువును పసిగుండెల మీద పేరుస్తున్నాం. మార్గరెటమ్మ అంతటి బరువును తన గుండెమీద పెట్టించుకుంది, ఆ సాక్ష్యపు బరువు తన పిల్లలను తాకకూడదని. ఈ వారం మీ ఇంట ఏదైనా తగవు వస్తే, పిల్లలను పిలవకముందు ఆ తల్లిని తలచుకోండి.