మందులు కనిపెట్టిన సుబ్బారావు గారు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇంట్లో చెప్పకుండా బయలుదేరితే వాళ్ళమ్మ వెనక్కి తెచ్చుకున్నారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయినారు. పరీక్ష పోయిందని బడి మానేసినోళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు, అందుకే ఇది ముందు రాస్తున్నాను.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా ఇచ్చినారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో చనిపోయినారు. తర్వాత అమెరికా పోయి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ హార్వర్డులో చదివినారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధనకు పెద్ద అయినారు.

ఆయన కింద పనిచేసిన డగ్గర్ అనే ముసలాయన మిస్సోరీలోని గడ్డిపొలం మట్టిలో ఒక సూక్ష్మజీవిని చూసినాడు. దాన్నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. బంగారు రంగు కాబట్టి ఆ పేరు. చిలకల జ్వరం అని ఒకటుంది. జబ్బు చిలక రెట్ట ఎండి దుమ్మయితే, ఆ దుమ్ము పీల్చినోళ్ళ ఊపిరితిత్తుల్లో బాక్టీరియా చేరుతుంది. అరుదుగా వస్తుంది, కానీ రాయిలా ఉండే మనిషికి కూడా వస్తుంది. పెన్సిలిన్ దానికి సరిగా పనిచేయదు. ఆరియోమైసిన్ జాతి మందు పనిచేస్తుంది. ఇప్పటికీ దీనికి ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. చిలకల్ని పట్టి పెంచేవాళ్ళు గూడు కడిగేటప్పుడు తడిపి కడగాల.

మన హార్స్లీ హిల్స్ కింద మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది కదా, టీబీ ఆస్పత్రి. అక్కడి డాక్టర్లు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ 1940లో ఒక వింత రాసినారు. కొందరికి దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు అంతా టీబీ లాగే ఉంది, కఫంలో మాత్రం టీబీ పురుగు లేదు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. టీబీ అంటే ఇంట్లో పళ్ళెం కూడా వేరు పెడతారు, వీళ్ళకేమో టీబీయే లేదు! అది బాక్టీరియా కాదు, బోదకాలు పురుగు పిల్లల వల్ల అని తర్వాత తెలిసింది. దానికి మందు హెట్రజాన్. అదీ 1947లో సుబ్బారావు గారి బృందం తెచ్చిందే.

1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి పోయినారు. వయసు 53. అమెరికా పోయినాక ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయినారు.